అక్రోటు మరక

అక్టోబరులో కుతాయిసిలో ఎవరి వేళ్లూ శుభ్రంగా ఉండవు.
పచ్చి అక్రోటు తొక్క నలుపు
సబ్బుకి లొంగదు, నిమ్మచెక్కకీ లొంగదు.

ఆ వేళ్లతోనే రియోని ఒడ్డున
ఇరోది బండి మీద పుస్తకాలు తిరగేస్తాను.
"చూస్తే డబ్బుల్లేవు, మరక చేస్తే ఉన్నాయి" అంటాడు,
తన వేళ్లు జేబులో దాచుకుని.

రెండు దానిమ్మల ధరకి
అట్ట ఊడిన నవల ఒకటి.

ఎండాకాలమంతా కథ కోసం చదివాను,
చెప్పులు విడవకుండా ఇంట్లోకి దూసుకొచ్చినట్టు.
ఇప్పుడు ఒక్కో వాక్యం దగ్గరా కూర్చుంటున్నాను.
బయట వాన.
పొయ్యి మీద ద్రాక్షరసం చిక్కబడుతోంది.
తొందరెవరికి?

ఎనభై మూడో పుట అంచున
నల్లటి బొటనవేలి ముద్ర.
నాది కాదు. పాతది, చిన్నది.
నా వేలు ఆనిస్తే
పూర్తిగా కిందికి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి పుటల మడతలు ఎవరూ కోయనేలేదు.
ఇక్కడే ఆగింది ఆ పిల్ల.
భోజనానికి పిలిచారో,
దీపం ఆర్పేశారో,
ఊరే ఖాళీ చెయ్యమన్నారో.

అక్రోట్లు చీల్చే చాకు కొంగుకి తుడిచి
మడత కోశాను.

రాత్రి చాలా అయింది.
ఇంట్లో నేనొక్కదాన్నే.
పైకే చదువుతున్నాను,
ఎందుకో.