హెల్మెట్ లోపల

దినం తప్పించి దినం
తెల్లారుగట్ల నాలుగున్నరకు నల్లా వస్తది.
మోటరు దమ్ము పట్టేదాక
సంపు మూత పక్కన కూసుంట నేను.
ఆ పది నిమిషాల సంగతి ఎవ్వరికీ చెప్పలే.
చేతిల ఫోనుండదు, చాయ్ ఉండదు.
నీళ్లు పడే చప్పుడు సన్నగ మొదలై
లావుగ అయితది, గంతే.

ఐదింటికి ఇల్లు నన్ను గుర్తుపడతది.

రెండు డబ్బాలు, ఒకటి కారం, ఒకటి కారం లేనిది,
అత్త నర్సవ్వకు షుగర్ గోలీ,
రుద్విక్ గాని ఒక కాలి సాక్సు.
రెండోది ఎన్నడూ దొరకదు మా ఇంట్ల.
వాషింగ్ మిషనే తింటదని వాని నమ్మకం.
నేను గూడ నమ్ముడు షురూ చేసిన,
వెతుకుడు తప్పుతది.

హిమాయత్‌నగర్ ల్యాబుల
నెత్తురు తీసేదాన్ని నేను.
దినాం నూరు చేతులు చూస్త.
ముఖాలు యాదికుండయి, నరాలు యాదికుంటయి.
"పిడికిలి బిగించండి.
అటు చూడండి. ఏం కాదు.
ఆ, ఇప్పుడు వదిలెయ్యండి."

మొన్న పాలు పొంగి,
కుక్కర్ కూత రాక, స్కూల్ ఫీజు మెసేజ్ వచ్చి,
అత్త "ఉప్పేదే" అని రెండోసారి అడిగినప్పుడు
నా నోట్లెకెల్లి అదే మాట ఎల్లింది:
పిడికిలి బిగించండి.
బిగించిన.
అటు చూసిన. పక్కింటోళ్లు ఆరేసిన పచ్చ తువ్వాల.
వదిలేసిన.
ఉప్పు నా చేతిలనే ఉన్నది.

ఫర్హానా ధ్యానం చెయ్యమంటది.
యాప్ ఉన్నదట, ఒకామె మెత్తగ మాట్లాడతదట.
పెట్టుకొని ఇన్న.
"మీరిప్పుడు సముద్రం ఒడ్డున ఉన్నారు" అన్నది.
ఉప్పల్ రింగు రోడ్డు కాడ ఉన్న.
తీసేసిన.

నా పద్ధతులు నాకున్నయి.
రామంతాపూర్ మలుపుల బండి కాడ
ఒక్కటే మిర్చి బజ్జీ కొని
నిలవడి తింట, ఇంటికి కట్టియ్యకుంట.
మూతి తుడుచుకొని పోయి ట్రాఫిక్ అంట.
పాపం ట్రాఫిక్,
నా తప్పులన్నీ అదే మోస్తది.

ఇగ అసలుది హెల్మెట్.
అద్దం దించితే
ఈ పట్నంల నా ఒక్కదాని రూము అది,
కిరాయి లేదు, అడ్వాన్సు లేదు.
మీద వంతెన లేకుంట నిలవడ్డ స్తంభాల పక్కపొంటి
స్కూటీ నడుపుకుంట లోపల ఒర్రుత.
సూపర్‌వైజర్‌ను తిడత, మా ఆయనను తిడత,
నడిమిట్ల పాట యాదికొస్తే పాడత.
సిగ్నల్ కాడ పక్క బండాయన తిరిగి చూస్తే
దగ్గినట్టు చేస్త.
ఒకనాడు ఏడ్చిన గూడ.
అద్దానికి ఆవిరి పట్టి తొవ్వ కనవడలే.
అప్పటిసంది ఏడ్చుడుంటే
బండి ఆపినంకనే, గేటు బయట కానుగ చెట్టు కింద.

నిన్న ఇంటికొచ్చేసరికి
ఇందుజ హాలుల లేదు.
లెక్కల పేపరు సోఫా మీద బోర్ల పడున్నది.
తిప్పి చూసిన. ఇరవై ఐదుకు పదకొండు.
బీరువాకు గోడకు నడుమ సందుల
మోకాళ్లు దగ్గరికి పట్టుకొని కూసున్నది,
నెత్తి మీద వాళ్ల నాన్న పాత హెల్మెట్,
అద్దం దించి.

బాల్కనీలకెల్లి
కానుగ చెట్టు కింద సాఫుగ కనవడతదని
ఇన్నేండ్లు నాకు తట్టలే.

మార్కుల మాట నోటి దాక వచ్చింది.
చేతిల ఉన్న హెల్మెట్ మళ్ల పెట్టుకున్న.
ఇరుకుల పక్కన కూసున్న, డొక్కున తాకినయి రెండు.
లోపట అది ఏందో అన్నది, ఇనరాలే.
నేను గూడ ఏందో అన్న.
వంటింట్లకెల్లి అత్త, "పొయ్యి మీద ఏం పెట్టిన్రే, మాడుతున్నది!"

బిడ్డ నా దిక్కు తిరిగి
రెండు వేళ్లు చూపెట్టింది, రెండు నిమిషాలని.

నేను మూడు చూపెట్టిన.