హాఫ్ టికెట్లు

ఐతారం తెల్లారకముందే
వినోద స్కూటీ మా గడప ముందర ఆగింది.
ముందల ఒకడు, ఎనక ఒకతి,
హ్యాండిలుకు బట్టల సంచి.
హాల్ టికెట్టు పండ్ల నడుమ కరుసుకొని
ఇద్దర్నీ దించి, అప్పుడు నోరిప్పింది:
"పరీక్ష నల్లగొండల పడ్డదన్నా,
పొద్దుగూకేసరికి ఒస్త."
ఆమెది హాల్ టికెట్టు.
నా చేతిల పడ్డయి రెండు హాఫ్ టికెట్లు.

దేవరకొండ డిపోల ముప్పై రెండేండ్లు కండక్టరు జేసిన.
వినోదకు మిషిను పట్టుడు నేర్పింది నేనే.
పిల్లలంటే నాకు తెలిసింది ఎత్తు ఒక్కటే:
సీటు కడ్డీ దాటితే టికెట్టు, దాటకుంటే ఒడి.
"ఐదేండ్లు ఇంక నిండలే సారూ" అనే తల్లి మొకం జూసి
అబద్ధం ఎంత పొడుగున్నదో చెప్పేటోన్ని.
మా ఇంట్ల మాత్రం
ఆ కొలతకు ఎవ్వరూ నిలవడలే.

పెద్దది లౌక్య, ఏడేండ్లు.
చిన్నోడు నిహాన్ష్. నాకు నోరు తిరగక
"నీళ్ళయ్యా" అని పిలిస్తే
పాపం, పలికిండు.

అర నిమిషంల నేను తాతనైపోయిన.
తాతకేముంది, ఏ దిక్కుకెల్లి జూసినా తాతే.
తంటా అంతా ఈదమ్మకాడ ఒచ్చింది.
"నువ్వు అమ్మ తరుపా, డాడీ తరుపా?"
నడుం మీద చేతులేసుకొని అడిగింది పిల్ల.
"మా అమ్మమ్మ ఫొటోల ఉన్నది.
నానమ్మ మాతోని మాట్లాడదు.
మరి నువ్వు
ఎవరి అమ్మవు?"

ఈదమ్మ గంజుల సర్వపిండి ఒత్తుతున్నది.
తూటు పొడిచే వేలు
పిండిలనే ఉండిపోయింది.
"తిను ముందు," అన్నది, చానసేపటికి.

పక్కింటి జంగమ్మ గోడ మీదికెల్లి
"ఎవరే ఈ పోరగాండ్లు?" అంటె
"మనుమరాలు, మనుమడు" అన్నది, రెప్ప ఆర్పకుండ.
నేను ఆ గొంతును గుర్తుపట్టిన.
"నిండలే సారూ" అనే గొంతే.
నేనే ఎన్నిసార్లు బస్సాపి, ఎన్ని ఒళ్ళు ఖాళీ జేయించిన్నో!
ఈసారి చెకింగు జేయలే.

అటుక మీద డబ్బాలకెల్లి నా పాత పంచి తీసి
నీళ్ళయ్య చేతికిచ్చుడు నాదే తప్పు.
పేపరుకు తూట్లు. ఏపాకుకు తూట్లు.
కరెంటు బిల్లుకు, క్యాలెండరుకు,
ఈదమ్మ కొంగుకు గూడ ఒకటి.
అదే నేను జేసుంటే మూడొద్దులు బువ్వ పెట్టకపోవు.
వానికి మాత్రం ఇంకో అంచు సూపెట్టింది.

పగటీలి పండమంటే కథ జెప్పమన్నరు.
నాకు కథలు రావు, స్టాపులొస్తయి.
"కొండమల్లేపల్లీ... దిగేటోళ్ళు దిగుండ్రి.
గుర్రంపోడూ..."
"గుర్రం ఏది?" లేసి కూసున్నడు నీళ్ళయ్య.
"అది ఎనక స్టాపుల్నే దిగిందిరా, పండు."
కనగల్లు రాకముందే ఇద్దరూ నిద్ర.
బండి మధ్యల ఆపుడు అలవాటు లేక
నేనొక్కన్నే నల్లగొండ దాక పోయిన.
ఆడ ఏదో బడిల
వినోద తలొంచుకొని సుక్కలు దిద్దుతుంటది.

దీపాలు పెట్టే యాళ్ళకు ఒచ్చింది.
"ఎట్ల రాసినవు బిడ్డా?"
"రాసిన అన్నా. లెక్కలే కొంచెం..."
అని మిగిలిన సర్వపిండి నిలవడే తిన్నది.
స్కూటీ మీదికెల్లి లౌక్య అరిసింది:
"అమ్మా, నేను పేరు పెట్టిన!
ఈమె ఐతారమ్మమ్మ!"
మల్ల ఐతారం ఒస్తమన్నరు.
ఒస్తరో, రారో. పరీక్ష గట్టెక్కితే
ఏ ఊరి ఆఫీసుల పడేస్తరో ఆమెను.
గట్టెక్కాల్నే అనుకున్నం ఇద్దరం,
కొంచెం మెల్లగ.

నాలుగొద్దులాయె.
మంచం కిందికెల్లి కాయితం సుక్కలు ఇంక ఎల్తనే ఉన్నయి.
ఈదమ్మ చీపురును ఆడిదాక తెచ్చి
మలుపుకొని పోతది.
క్యాలెండరు అంచుకున్న ఆ ఐతారానికి తూటు పడ్డది.
అండ్లకెల్లి వచ్చే నెల తారీకు ఏదో కనవడ్తది,
సగమే.
అద్దాలు పెట్టుకొని జూసిన.
ఏ వారమో తెలుస్తలే.