కొత్త చెక్కుబంది

కందుకూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
ఇరవై రెండేళ్ళుగా చుట్టుపక్కల భూములన్నీ
నా వేళ్ళ మీదుగానే చేతులు మారాయి.
ఆ వేళ్ళే ఈ ఏడు అడ్డం తిరిగాయి.
కుడి మణికట్టులో చీమ పాకినట్టు మొదలై
టీ గ్లాసు జారిపోయేదాకా వచ్చింది.
ఒంగోలు డాక్టరు పట్టీ వేసి
"వేరే పనేదన్నా చూసుకోగూడదా?" అన్నాడు.

వేరే పనికి బదులు వేరే కీబోర్డు తెచ్చుకున్నా.
విరిచిన అప్పడంలా రెండు ముక్కలు,
భుజాల వెడల్పున చెరో పక్క.
అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికంట.
పంపకం బాగానే ఉంది గానీ
న, మ, వ ఎడమ వాటాలోకి ఎట్టా పోయాయో,
ఏ పెద్దమనుషులు తేల్చారో!

మొదటి రోజు 'క్రయ దస్తావేజు' కొట్టేసరికి
తెచ్చుకున్న టీ మీద మీగడ కట్టింది.
వేళ్ళు పాత దారినే పరిగెత్తి
కొత్త గోడకి గుద్దుకునేవి.
ఏ భాషకీ చెందని అక్షరాల గుంపొకటి
తెర మీద నిలబడి నన్నే చూసేది.
"పాతది తగిలించమంటావా అక్కా?" అని
సుభాని రోజుకి మూడుసార్లు అడిగేవాడు.
మూడోసారి తిట్టేదాన్ని.

రాత్రుళ్ళు దీపం ఆర్పి సాధన.
చూపుడు వేళ్ళ కింద రెండు బొడిపెలు.
ఎడమదాని కింద గుడి, కుడిదాని కింద ర.
నడిమి వరస దాటకుండా దొరికిన మొదటి మాట
పేరు.
తెల్లారి చూస్తే పేజీ నిండా
పేరు పేరు పేరు,
ఎవరి పేరూ లేదు.

బుధవారం, వలేటివారిపాలెం నుంచి మాలకొండమ్మ.
ముప్పై సెంట్లు చెల్లెలి పేర గిఫ్టు.
స్టూలు మీద కూచుని నా చేతులకేసి చూసి చూసి
"ఆకు అల్లే కొత్తల్లో నేనూ ఇట్నే అమ్మాయ్.
కర్ర మీద చూపు పెట్టుకోనుంటే
బ్యారనీకి ఆకు అందదు.
మొకం పక్కకి తిప్పాల.
పక్కదాని మొగుడి సంగతి అడగాల.
చేతులు వాటి పని అయ్యి చేసుకుంటయ్."

నేను చెల్లెలి సంగతి అడిగాను.
పొగాకు కూలీ దగ్గర మాటా మాటా పెరగడం,
ఆరేళ్ళు ఎదురుపడ్డా పలకరింపు లేకపోవడం,
ఆసుపత్రి వరండాలో ఒక రాత్రి
ఇద్దరికీ ఒకే దుప్పటి.
ఆమె చెబుతా ఉంది, నేను ఊ కొడతా ఉన్నా.
తూర్పు: డొంక. పడమర: పొగాకు చేను.
తల తిప్పి చూద్దును గదా,
నాలుగు హద్దులూ వచ్చి కూచున్నాయి.
ఒక్క పొల్లు పడక దక్షిణం మాత్రం
'దకషిణం' అయింది.

ఆమె ఎడమ బొటనవేలికి సిరా పూస్తా
నా బొటనవేలు చూసుకున్నా.
ఇన్ని వేళ్ళలో కొత్తగా ఏమీ నేర్వనిది ఇదే.
పాతదాంట్లోనూ దీంట్లోనూ
మాటకీ మాటకీ మధ్య
కాస్త చోటివ్వడమే దాని పని.

పట్టీ ఇంకా విప్పలేదు.
పాత కీబోర్డుని సుభాని గోనెసంచిలో చుట్టి
అటక మీద పెట్టాడు, దుమ్ము పడకుండా.
నేను వద్దనలేదు.