వంతు

ఇరవై ఆరేళ్లుగా లాకుల మీద లస్కరుని.
చక్రం ఎన్ని చుట్లు తిప్పితే
కాలవలోకి ఎన్ని అంగుళాలు దిగుతుందో
నా భుజాలకి తెలుసు, పుస్తకం అక్కర్లేదు.

కిందటేడు ఆగస్టు. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఎగరేసిన రోజు,
షట్టరుకి అడ్డం పడిన గుర్రపుడెక్క లాగుతుంటే
గ్రీజు మీద కాలు జారి
రాతిమెట్టు మీద వెల్లకిలా పడ్డాను.
ముందు ఆకాశం కనపడింది. తర్వాత అబ్బులు మొహం.
నడుం కింద వెచ్చగా ఏదో పాకుతుంటే
నెత్తురనుకున్నాను.
నెత్తురైతే బాగుండేది.

కాకినాడలో ఆపరేషను. నాలుగు మేకులు, ఒక బెల్టు.
గొట్టం ఉన్నన్నాళ్లు బానే గడిచింది,
సంచీ నిండితే పల్లాలు పారబోసేది.
గొట్టం తీశాక తెలిసింది
కాళ్లు తిరిగొచ్చాయి గాని
ఆ ఒక్క తలుపు రాలేదని.

దగ్గితే పోతుంది. తుమ్మితే సరేసరి.
పల్లాలు బిందె వంపుతున్న చప్పుడుకే పోతుంది.
ఎత్తుకోమని మనవరాలు చేతులు చాపితే
ఒక్క క్షణం ఆలోచిస్తాను.
ఆ క్షణం ఎందుకో దానికి తెలీదు.

మా ఊళ్లోనే మందుల షాపుంది.
అయినా రెండు బస్సులు మారి రావులపాలెం వెళ్తాను.
"పాపకాండీ, బాబుకాండీ?" అన్నాడు కౌంటరు కుర్రాడు.
"నడుం నలభై" అన్నాను.
వాడింకేం అనలేదు. పేపర్లో చుట్టి
దాని మీద ఇంకో పేపరు చుట్టాడు.
వాడి పేరు తెలీదు. చల్లగా ఉండాలి.

తెల్ల పంచెలన్నీ పెట్టెలోకి పోయాయి.
నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, పెళ్లిలో గుమ్మం పక్క కుర్చీ.
"వైశాఖంలో అయ్యప్ప మాలేంటి బావా?"
అందరూ నవ్వారు. నేను జాగ్రత్తగా నవ్వాను.

తెల్లారగట్ల దండెం మీద దుప్పటి చూసి
పక్కింటావిడ అడిగింది, "అమ్మాయి పురిటికొచ్చిందా?"
"ఎండ బాగుందని ఉతికానమ్మా" అంది పల్లాలు.
ఆవేళ ముసురు.

నీళ్లు తాగడం మానేశాను.
కాలవే కట్టేస్తే ఇంక గండెక్కడ పడుతుంది?
మూడో రోజుకి పసుపు నీళ్లు, మంట, చలిజ్వరం.
సలోమి సిస్టరు తిట్టింది.
"ఎండగట్టిన గట్టు బీటలేయదా? మీకు నేను చెప్పాలా?
నీళ్లు తాగండి. రెండు గంటలకోసారి వెళ్లండి,
వచ్చినా రాకపోయినా.
మధ్యలో అడిగితే నీ వంతు కాదని చెప్పండి.
మాది శివారు పొలం. దాళ్వాలో
మీరు మా నాన్నకి చెప్పింది అదేగా!"
పెద్దగా నవ్వేశాను. పోయింది.
ఆవిడ వెనక్కి తిరిగి కిటికీ తెరిచింది,
గాలి కోసం అన్నట్టు.

కింద బిగించి, పది లెక్కపెట్టి, వదలాలట.
బస్సులో కూర్చుని బిగిస్తాను, కొబ్బరితోటలు చూస్తూ.
ఏడు దగ్గర జారిపోతుంది.
ఒక్కోసారి తొమ్మిది.

ఇప్పుడు తేలికపని ఇచ్చారు,
స్కేలు చూసి నీటిమట్టం రాయడం.
జేబులో ఇంకో చిన్న పుస్తకం, అది నాది.
ఆరు: పొడి. ఎనిమిది: పొడి. తొమ్మిదింపావు: దగ్గు.
మొన్న దీంట్లోది దాంట్లో రాసేశాను.
కొత్త ఏఈ గారు, మా పెద్దమ్మాయి ఈడు పిల్ల,
సర్కారు రిజిస్టరు తిరగేస్తూ ఆగింది.
"పది గంటలకి కొంచెం తడి. ఏంటిది? లీకేజీనా?"
అబ్బులు కాలవ వైపు తిరిగిపోయాడు. వీపు ఊగుతోంది.
"అవునండి" అన్నాను. "కింది షట్టరండి.
రబ్బరు అరిగింది, పూర్తిగా ఆగదు.
వంతులు పెట్టి నడుపుతున్నాం."
పెన్ను తీసి రాసుకుంది.
"బాగు చెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

నిజంగానే ఆలోచించాను.
గోడ మీద పన్నెండుకి మూడు నిమిషాలుంది.
"ఒక్క నిమిషం, వచ్చి చెప్తానండి" అన్నాను.