కాకిబంగారం

మీ కాయితంలో నాలుగో ప్రశ్న ఇంకోసారి చదవండి, ఫాదరు నాయనా.
“మాతగారి దేహం నుంచి వెలుగు రావడం తమరు చూసినారా?”

చూశా.
సైదాపురంలో కళ్ళున్నోళ్ళంతా చూశారు.
సందకాడ త్రికాల జపానికి మోకాళ్ళూనితే
పెట్రోమాక్సు కింద ఆమె భుజాలు, ముంజేతులు, కనురెప్పలు
తళుక్కు తళుక్కుమనేవి.
పొద్దుగూకులూ గని షెడ్డులో కూర్చుని
కాకిబంగారం పొరలు చీల్చి వచ్చే మనిషి మరి.
నేనూ మెరిశా.
నా పక్కన పెంచలమ్మా మెరిసింది,
ఆమె జపానికి రాలేదు, బెల్లం కాఫీకి వచ్చేది.
అది కూడా రాసుకోండి.

పేరు ఇన్నాసమ్మ. కావలి పక్క ఉపదేశి కూతురు.
పదహారో ఏట నెల్లూరులో మఠం తలుపు తడితే
తెల్లదొరసాని మదర్లు వంటిల్లు చూపించారు.
తొమ్మిదేళ్ళు బియ్యంలో రాళ్ళేరింది.
మాటపట్టు ఎప్పుడని అడిగిన రోజు
“నీకు లాటిను రాదు గదమ్మా” అన్నారంట,
కోపంగా కాదు, జాలిగానే.
చేట గోడకానించి, చేతులు కడుక్కుని
గూడూరు రైలెక్కింది.
గూడూరే ఎందుకంటే
చేతిలో డబ్బులు అక్కడిదాకే వచ్చినాయని ఒకసారి,
రైల్లో నిద్రపోయినానని ఒకసారి చెప్పింది.
దేవుడు పిలిచాడని మాత్రం ఎన్నడూ చెప్పలా.

యుద్ధం ఆగి రేకు ధర పడిపోయిన ఏడు
మూడో నంబరు గుంటలోకి నీళ్ళు తన్నుకొచ్చినాయి.
పైకి తీసిన మగోళ్ళని గోతాల మీద పడుకోబెట్టారు.
తడిసిన ఒళ్ళంతా వెండి పూత.
మేం నేలన పడి ఏడుస్తా ఉంటే
ఎవరో కొత్తామె వచ్చి నా ముందర గొంతుక్కూర్చుని
“ఎన్నాళ్ళ కూలి రావాల?” అనింది.
చెంప పగలగొట్టాలనిపించింది నాకు.
“ఇరవై మూడు రోజులు” అన్నా.
రాసుకుంది.

ఆ పుస్తకం ఇదుగో.
మీ సభ నియమావళి ఏదని అడిగినారు గదా, ఇదే.
మొదటి పుటలో దేవుడి పేరు లేదు.
ఓబులేసు, ఇరవై మూడు రోజులు,
ఎనిమిదణాల లెక్కన పదకొండున్నర.
ఆ పదకొండున్నర కోసం గుమాస్తా ఇంటి అరుగు మీద
పద్నాలుగు రోజులు జపమాల తిప్పింది.
పదిహేనోనాడు వినలేక ఆయన పెళ్ళామే ఇప్పించింది.

నలుగురం చేరినాం. జనం రేకులక్కలు అన్నారు.
చంకలో బిడ్డతో వితంతువు మఠకన్య ఎట్టా అవుతుందని
మేత్రాణులు జాబు రాస్తే
“నజరేతు ఇంట్లో బిడ్డ లేడా స్వామీ” అని
కార్డుముక్క మీద ఒకే వాక్యం.
జవాబు రావడానికి ఆరేళ్ళు పట్టింది.
అప్పటికి నా కొడుక్కి కూడబలుక్కోవడం వచ్చేసింది.
ఒప్పుకుంటున్నామన్న మాట
వాడే చదివి వినిపించాడు, తప్పుల్తో.

నెల్లూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్మును
డాక్టరు కిటికీ వెలుగుకి ఎత్తిపట్టినాడు.
ఊపిరితిత్తుల నిండా తెల్లచుక్కలు.
“లోపల కూడా దీపాలు పెట్టినారే” అని నవ్వబోయి
దగ్గుతో వంగిపోయింది.
ఆ దగ్గు ఎనిమిది నెలలు.
దాని గురించి మీ కాయితంలో ప్రశ్న లేదు.

ఇప్పుడు ముగ్గురం ఉండాము.
గుంటల్లో పచ్చటి నీళ్ళు, కొంగలు.
కొత్త పిల్లలెవరూ చేరడం లేదు.
మాలో చిన్నామెకి అరవై. ఆమే పొద్దున బస్సెక్కి
గూడూరు మండీలో నిమ్మకాయలేరే ఆడోళ్ళ
రావాల్సిన కూలి రాసుకొస్తుంది.
పుస్తకం పదకొండోది. గీతలు కొట్టే పద్ధతి మాత్రం పాతదే.

అవశేషం ఏదన్నా ఇమ్మన్నారు.
చీరలు ఎప్పుడో మసిగుడ్డలైనాయి.
బావికాడ ఉతికే బండ ఉండాది, రండి.
నలభై ఏళ్ళు ఆ చీరలు దీని మీదే బాదినా.
ఎన్ని తుపాన్లు కడిగినా పగుళ్ళలో పొడి పోలా.
చెయ్యి పెట్టండి.
తుడుచుకోబాకండి.
రేపు పూజలో ఆ చేత్తోనే అప్పం పైకెత్తండి.

ఊఁ, ఐదో ప్రశ్న ఏంది?