జానెడు చాప

పలాసలో మంచెక్కడిది?
క్రిస్మస్ సెలవులు. ఫోన్లో సినిమా.
"తెల్లగా రాల్తందేటి నానా, నౌపడా ఉప్పా?"
అంది మా కెజియా.

సినిమా ఆపి
సండేస్కూల్లో ఇచ్చిన బొమ్మల పుస్తకం తీశాను.
సత్రంలో చోటు లేదని తలుపేసుకున్నవాడి ముఖమ్మీద
నా వేలిముద్ర, నల్లగా,
జీడిపిక్కల బట్టీది. ఎంత తుడిచినా పోదు.
రోజూ ఆ పేజీ దగ్గరే ఆగిపోతుంది పిల్ల.

"మనింట్లో అయితే సోటుండునా?"

ఒకటే గది. ఆరుగురం.
తలగడలు నాలుగు,
అందులో ఒకటి మా అమ్మ ఎవరికీ ఇవ్వదు.

నేనింకా లెక్కేసుకుంటున్నాను,
తను గోడకేసి జరిగి
పక్కన జానెడు చాప ఖాళీ చేసి
నిద్రపోయింది.

నడుం వాల్చాను గానీ
ఆ జానెడులోకి చెయ్యి చాపబుద్ధి కాలేదు.

తెల్లారి చూస్తే
అక్కడ పక్కింటి పిల్లి,
ముడుచుకుని.