నాలుగో లాడం

కంటోన్మెంటులో మా తాత కొలిమి.
పద్దుపుస్తకంలో గుర్రాల పేర్లు సిరాతో,
సొంతదార్ల పేర్లు పెన్సిలుతో.

మిరియం. మగది. పంచకల్యాణి.
ఎనక కుడికాలు తంతాది, జాగర్త.
పక్కన దొరవారి పేరు, కొట్టేసి
నూనెమిల్లు పైడిశెట్టి, కొట్టేసి
జట్కా గఫూరు.

మద్రాసు పందెం గెలిచినప్పటి ఫొటోలో
దొరవారు తలపాగాతో సహా పట్టేరు,
మిరియానికే చెవులు తెగిపోయాయి.
ఆ చెవులతోనే తర్వాత
స్టేషన్నుంచి మూడు లాంతర్లకి
అణా బేరాలు వింది.

ఆఖరి పద్దు తాత మాటల్లోనే ఉంది:
"మూడు కాళ్ళకే ఏసినాను.
సీకటడిపోనాది.
నాలుగోది పొద్దుట వొచ్చి
ఏయించుకుంతానన్నాడు గఫూరు."

ఆ పొద్దుట పేజీ ఖాళీ.

లాడం మా గుమ్మానికుంది.
అదృష్టానికా, అంటారు వచ్చినవాళ్ళు.
నాన్న బల్ల మీంచి తల ఎత్తడు:
"బాకీ."